ఓడ దాకా వెళ్ళే ముందు: తొలి అమెరికా వలస కుటుంబాల వంశావళి వెతకడంలో నా అనుభవం

అబ్రహాం లింకన్‌కు తన తాత వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీ నుంచి కెంటకీకి వెళ్ళాడని తెలుసు. అంతకుముందు వాళ్ళు పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీలో ఉండేవారనీ తెలుసు. ఆపైన ఏమీ తెలియదు. మసాచుసెట్స్‌లోని హింగమ్ ఊళ్ళో లింకన్ ఇంటిపేరు వాళ్ళు ఉన్నారని 1848లో అక్కడి ఒకరితో ఉత్తరాలు నడిపాడు. రెండు కుటుంబాల్లోనూ ఒకే రకం పేర్లు ఉన్నాయన్నది తప్ప ఇంకేమీ తేలలేదని 1859లో తన గురించి రాసుకున్న చిన్న పరిచయంలో చెప్పాడు. ఆ లంకె తరవాతి పరిశోధకులకు దొరికింది. 1637లో ఇంగ్లండ్ నుంచి హింగమ్ వచ్చిన శామ్యూల్ లింకన్‌కు మోర్డెకై అనే కొడుకు, అతనికి అదే పేరుతో ఇంకో కొడుకు. ఈ రెండో మోర్డెకై న్యూజెర్సీకి, అక్కడి నుంచి పెన్సిల్వేనియాకు వెళ్ళి 1736లో చనిపోయాడు. న్యూజెర్సీలో ఉన్న భూమిని కొడుకు జాన్ పేర రాశాడు. వర్జీనియా వెళ్ళింది ఈ జానే. ప్రెసిడెంటు తాత ఇతని కొడుకు.

తొలి వలసదారుల వంశం వెతకాలనుకునేవారికి నేను ముందుగా ఈ ఉదాహరణే చెబుతాను. ఓడ దిగిన శామ్యూల్ గురించి కాగితాలు ఎప్పుడూ ఉన్నాయి. ప్రెసిడెంటు గురించీ ఉన్నాయి. తెగింది మధ్యలో, కుటుంబం ఊరు మారిన చోట. ఇప్పుడు మన ఇళ్ళల్లోనూ అమెరికన్ కోడళ్ళు, అల్లుళ్ళు ఉన్నారు, పిల్లలకు తల్లి వైపువాళ్ళదో తండ్రి వైపువాళ్ళదో చరిత్ర కావాలి. అలా అడిగేవారిలో చాలామంది 1620 నాటి మేఫ్లవర్ ఓడ ప్రయాణికుల జాబితా తీసుకుని, అందులో తమ ఇంటిపేరు ఉందేమో చూస్తారు. ఆ ఓడలో వచ్చినవారు 102 మంది, మొదటి చలికాలంలోనే సగం మంది పోయారు. జాబితాలో ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. పని ఈ చివర నుంచి మొదలుపెట్టాలి, ఒక్కో తరం వెనక్కి వెళ్ళాలి, ఫలానావాడు ఫలానావాడి కొడుకని ప్రతి మెట్టు దగ్గరా విడిగా కాగితం చూపించగలగాలి.

1850 దాకా వెనక్కి వెళ్ళడం పెద్ద కష్టం కాదు. అమెరికా జనాభా లెక్కల పత్రాలను 72 ఏళ్ళ తరవాత బయటపెడతారు. 1950వి 2022లో వచ్చాయి. 1900 లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం, పెళ్ళయి ఎన్నేళ్ళయింది, తల్లికి ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్నవి ఉంటాయి. ఇంటిపెద్దతో చుట్టరికం ఏమిటో 1880 నుంచే రాశారు. 1890 పత్రాలు 1921 అగ్నిప్రమాదం వల్ల దాదాపు అన్నీ పోయాయి, ఆ ఇరవై ఏళ్ళ ఖాళీని ఊరి డైరెక్టరీలతో, రాష్ట్రాలు చేయించిన లెక్కలతో పూడ్చాలి. చావు సర్టిఫికెట్టులో చనిపోయిన తేదీని నమ్మవచ్చు. తల్లిదండ్రుల పేర్లను మాత్రం ఆ వివరం చెప్పింది ఎవరో చూసి నమ్మాలి. అల్లుడు చెప్పిన అత్తగారి పుట్టింటి పేరు చాలాసార్లు తప్పుగా ఉంటుంది.

అసలు గండం 1790 నుంచి 1840 వరకు. ఆ ఆరు జనాభా లెక్కల్లో ఇంటిపెద్ద పేరు ఒక్కటే ఉంటుంది, మిగతావాళ్ళు వయసుల వారీగా అంకెలు. 1850లోనే స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ మొదటిసారి రాశారు. పైగా ఇదే కాలంలో జనం న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్, కనెక్టికట్ వంటి ఈశాన్య రాష్ట్రాలు) నుంచి న్యూయార్క్, ఒహాయోలకూ, వర్జీనియా నుంచి కెంటకీ, టెనెసీలకూ తరలిపోయారు. 1850లో ఒహాయోలో ఉన్న ఒక రైతు ‘పుట్టింది కనెక్టికట్‌లో’ అని చెబుతాడు, కనెక్టికట్‌లో అదే పేరుతో నలుగురు పుట్టి ఉంటారు. ఏ ఒక్కరో తేల్చుకోకుండా నచ్చినవాడిని తగిలించుకోవడం వల్లే ఇంటర్‌నెట్‌లోని వంశవృక్షాలు సగం చెడిపోయాయి.

ఇక్కడ నాకు ఎక్కువగా పనికొచ్చినవి మూడు. మొదటిది పన్నుల జాబితాలు. వర్జీనియాలో 1782 నుంచి ఏటేటా ఆస్తిపన్ను జాబితాలు ఉన్నాయి. ఒక్క సంవత్సరం చూస్తే ఏమీ తెలియదు, వరసగా ఇరవై ఏళ్ళు రాసుకోవాలి. ఒక ఇంటి కింద పన్ను కట్టాల్సిన మగవాళ్ళ సంఖ్య ఒకటి నుంచి రెండయిందంటే కొడుక్కి 16 నిండాయన్నమాట. కొన్నేళ్ళకు ఆ ఇంట్లో సంఖ్య తగ్గి, పక్కనే అదే ఇంటిపేరుతో కొత్త పేరు వస్తుంది. రెండోది అమెరికా స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవయుద్ధ సైనికుల పెన్షన్ ఫైళ్ళు. 1832 చట్టం కింద ముసలి సైనికులు కోర్టుకు వచ్చి ఎప్పుడు ఎక్కడ పుట్టారో, యుద్ధం తరవాత ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పాల్సి వచ్చింది. 1836 చట్టం తరవాత భార్యలు పెళ్ళి రుజువు చూపాల్సి వచ్చి, ఇంటి బైబిల్లో పుట్టుకలు రాసుకున్న పేజీలను చింపి జతచేశారు. ఫైలు మొదటి పేజీ చూసి వదిలేయకుండా చివరి దాకా తిప్పాలి, ఆ పేజీలు వెనకే ఉంటాయి. మూడోది న్యూ ఇంగ్లండ్ ఊళ్ళ ‘వార్నింగ్ ఔట్’ నోటీసులు. కొత్తగా వచ్చిన పేదవాళ్ళ పోషణభారం తమ మీద పడకుండా ఊరివాళ్ళు ఇచ్చిన నోటీసులవి. చాలావాటిలో ఆ కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చిందో ఉంటుంది.

ఏ కాగితం ఎక్కడ ఉంటుందో తెలియాలంటే ముందు హద్దులు తెలియాలి. మనిషి కదలకపోయినా కౌంటీ మారుతుంది. మోర్డెకై లింకన్ ఇల్లు ఇప్పుడు బెర్క్స్ కౌంటీలో ఉంది, కానీ ఆ కౌంటీ ఏర్పడింది 1752లో. 1736లో చనిపోయిన మనిషి కాగితాలకు ఫిలడెల్ఫియా కౌంటీ పుస్తకాలు చూడాలి. రాకింగ్‌హామ్ కౌంటీ 1778లో అగస్టా కౌంటీ నుంచి విడిపోయింది, అంతకు ముందువి అగస్టాలోనే వెతకాలి. షికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీ తయారుచేసిన పాత కౌంటీ హద్దుల అట్లాస్‌లో తేదీ ఇస్తే ఆ రోజున ఉన్న హద్దు కనిపిస్తుంది. ఏ వెతుకులాటకైనా ముందు నేను తెరిచేది అదే.

న్యూ ఇంగ్లండ్‌లో పని కొంత సులువు, ఎందుకంటే పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసిపెట్టమని మసాచుసెట్స్ బే కాలనీ 1639లోనే ఆదేశించింది. 1850 వరకు ఉన్న ఆ వివరాలను ఊరూరికీ అచ్చు పుస్తకాలుగా వేశారు. కనెక్టికట్ ఊళ్ళ ఇలాంటి వివరాలకు బార్బర్ సేకరణ ఉంది. ఇవి గొప్ప సాయం, కానీ ఇవి అసలు కావు. అచ్చు పుస్తకం అక్షరక్రమంలో ఉంటుంది. అసలు పుస్తకంలో చాలాచోట్ల టౌన్ క్లర్క్ ఒక కుటుంబాన్ని మొత్తం ఒకే పేజీలో రాశాడు. ఎనిమిది మంది పిల్లల పేర్లు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే అవి పుట్టిన రోజున రాసినవి కావు. కుటుంబం ఆ ఊరికి వచ్చాక ఒక్కసారే చెప్పి రాయించినవి. అంటే పెద్ద పిల్లలు వేరే ఊళ్ళో పుట్టి ఉండొచ్చు. అక్షరక్రమంలో ఈ సంగతి మాయమైపోతుంది. పెళ్ళి ప్రకటన విషయంలోనూ జాగ్రత్త. అది పెళ్ళి చేసుకుంటామని చెప్పిన నోటీసు, పెళ్ళి జరిగిందనడానికి రుజువు కాదు. కానీ వధువు, వరుడు ఇద్దరి ఊళ్ళలోనూ నమోదయ్యేది కనుక పిల్లది ఏ ఊరో దానివల్ల తెలుస్తుంది.

తేదీల దగ్గర చాలామంది జారిపోతారు. ఇంగ్లండ్‌లోనూ దాని కాలనీల్లోనూ 1752 వరకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1690 ఏప్రిల్ పెళ్ళి, 1690 ఫిబ్రవరి బిడ్డ అని చూసి పెళ్ళికి ముందే బిడ్డ పుట్టిందనుకుంటారు. ఆ లెక్కలో 1690 ఫిబ్రవరి ఏప్రిల్ తరవాతే వస్తుంది, మన లెక్కలో అది 1691. వీలునామా 1675 డిసెంబరులో రాసి, కోర్టులో 1675 ఫిబ్రవరిలో ఆమోదం పొందినట్టు కనిపించేదీ ఇందుకే. జాగ్రత్తపరులైన క్లర్కులు 1690/91 అని రెండూ రాశారు. మనమూ రాసుకునేటప్పుడు జనవరి 1 నుంచి మార్చి 24 వరకు తేదీలన్నిటికీ అలాగే రెండూ రాయాలి, ఒక్కటే రాస్తే తరవాత చదివేవారు దాన్ని మళ్ళీ ‘సవరిస్తారు’. 1752లో సెప్టెంబరు 2 తరవాత రోజు సెప్టెంబరు 14. ఆ 11 రోజుల తేడా వల్లే జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు పాత లెక్కలో 1731/32 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22. క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్ళు) నెలలకు పేర్లు వాడరు, అంకెలు వాడతారు. 1752కు ముందు వాళ్ళ మొదటి నెల మార్చి.

లంకెకు నిజమైన రుజువు ఎక్కువగా ఆస్తి పంపకాల్లో దొరుకుతుంది. వీలునామా ఒక్కటే చదివి ఆగిపోవద్దు. కోర్టు కట్టలో ఆస్తి నిర్వహించేవాడి పూచీకత్తు, వస్తువుల జాబితా, జమాఖర్చులు, మైనరు పిల్లల గార్డియన్ కాగితాలు, పంపకం ఉత్తర్వు, వాటా ముట్టిందని వారసులు రాసిచ్చిన రసీదులు ఉంటాయి. పెళ్ళయిన కూతుళ్ళ కొత్త ఇంటిపేర్లు బయటపడేది ఈ రసీదుల్లోనే. 14 నిండిన మైనరు తన గార్డియన్‌ను తానే ఎంచుకోవచ్చు, అంతకన్నా చిన్నవాళ్ళకు కోర్టే నియమిస్తుంది. కాబట్టి ఆ ఒక్క మాటతో పిల్లల వయసు ఒక హద్దులోకి వస్తుంది.

అప్పట్లో మసాచుసెట్స్‌లో వీలునామా లేకుండా పోతే భార్యకు మూడో వంతు, మిగతా దాంట్లో పెద్ద కొడుక్కి రెండు వాటాలు, తక్కిన పిల్లలకు ఒక్కొక్కటి. ఇది లెక్కగా పనికొస్తుంది. ఎవరైనా తన తండ్రి ఆస్తిలో ఏడో వంతు అమ్మినట్టు దస్తావేజు దొరికిందనుకోండి. ఏడు వాటాల్లో రెండు పెద్దవాడివి, అంటే వారసులు ఆరుగురు. ఊరి పుస్తకంలో నలుగురే ఉంటే ఇంకా ఇద్దరిని వెతకాలి. చనిపోయిన బిడ్డ వాటా ఆ బిడ్డ పిల్లలకు చేరుతుందనీ గుర్తుంచుకోవాలి. భార్య మూడో వంతు భూమి ఆమె బతికినంత కాలం అనుభవించడానికే, ఆమె పోయాక దాన్ని మళ్ళీ పంచుతారు. ఈ రెండో పంపకం ఇరవై, ముప్ఫై ఏళ్ళ తరవాత జరుగుతుంది. అప్పటికి కూతుళ్ళందరికీ పెళ్ళిళ్ళయి, కొడుకులు ఏ ఊళ్ళకు చేరారో కూడా రాసి ఉంటుంది. తండ్రి చనిపోయిన సంవత్సరం చుట్టూ మాత్రమే వెతికేవాళ్ళకు ఇది ఎప్పటికీ దొరకదు. ఇండెక్సులో ‘ఫలానా, ఇతరులు’ అని ఒక్క పేరే ఉంటుంది, ఆ ఇతరులే మనకు కావలసినవాళ్ళు. అందుకే ఆ ఇంటిపేరుతో అమ్మకాలన్నీ తెరిచి చూడాలి.

చుట్టరికాల మాటలు అప్పుడు వదులుగా వాడారు. కజిన్ అంటే అన్న కొడుకో అక్క కూతురో కావచ్చు, సన్-ఇన్-లా అంటే భార్య మొదటి పెళ్ళి కొడుకు కావచ్చు. సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులే అనుకోకూడదు. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న పెద్దవాడూ చిన్నవాడూ అంతే, బాబాయి, అన్న కొడుకూ కావచ్చు. పెద్దవాడు పోతే జూనియర్ సీనియర్ అవుతాడు. ఒకే పేరున్న ముగ్గురిని విడదీయడానికి నేను గళ్ళ కాగితం వాడతాను. తేదీ, ఊరు, భార్య పేరు, వృత్తి, పక్క పొలం వాళ్ళు, సంతకమా గుర్తా, ఇవీ గళ్ళు. సంతకం రానివాడు పెట్టే గుర్తు బతికినంత కాలం సాధారణంగా ఒకటే ఉంటుంది. కానీ రిజిస్టరులో ఉన్నది గుమాస్తా నకలు. అసలు కాగితం మిగిలితేనే గుర్తును పోల్చగలం.

ఆ ఆస్తి జాబితాల్లోనే పశువుల పక్కన, మంచాల పక్కన బానిసలుగా బతికిన మనుషుల పేర్లు ధరలతో ఉంటాయి. 1850, 1860 జనాభా లెక్కల బానిస పట్టికల్లో వాళ్ళ పేర్లు లేవు, యజమాని పేరు కింద వయసు, ఆడా మగా వంటివే ఉంటాయి. దక్షిణాన చాలా కుటుంబాలకు పేరుతో కనిపించే మొదటి లెక్క 1870దే. తమ ముత్తాతలు ఎవరో వెతుక్కునేవారికి ఈ జాబితాలే ఆధారం. నా పనికి సంబంధం లేకపోయినా ఆ పేర్లన్నీ, వయసులతో, పేజీ సంఖ్యతో రాసిపెడతాను. ఇతరులనూ అలా చెయ్యమని గట్టిగా అడుగుతాను.

వర్జీనియా లెక్క వేరు. అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని కొన్ని కౌంటీలు తమ పుస్తకాలను రిచ్‌మండ్‌కు పంపాయి. 1865 ఏప్రిల్‌లో నగరం తగలబడినప్పుడు అవి బూడిదయ్యాయి. హనోవర్, జేమ్స్ సిటీ కౌంటీల పాత కాగితాలు అలాగే పోయాయి. అక్కడ కౌంటీ బయట ఉన్నవాటితో నెట్టుకురావాలి. కాలనీ ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టాలు రిచ్‌మండ్‌లోనే లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో భద్రంగా ఉన్నాయి. చర్చి వెస్ట్రీ (పాలకమండలి) పుస్తకాల్లో నాలుగేళ్ళకోసారి పొలం గట్లు నడిచి హద్దులు ఖాయం చేసినవాళ్ళ పేర్లున్నాయి.

పట్టాల్లో హెడ్‌రైట్ల జాబితా ఉంటుంది. సముద్రం దాటించి తెచ్చిన ఒక్కో మనిషి లెక్కన, తెచ్చినవాడికి 50 ఎకరాలు దక్కే హక్కే హెడ్‌రైట్. 1635లో జార్జ్ మెనిఫీ చూపిన జాబితాలో ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’ అని ఒక పేరుంది, మన దేశం వైపు నుంచి వచ్చి ఆ కాలనీ కాగితాల్లోకెక్కిన తొలి పేర్లలో అదొకటి. ఇటువంటి పేరు కనబడితే ఆ మనిషి అదే ఏడు వచ్చాడని రాసెయ్యకూడదు. హెడ్‌రైట్లు చేతులు మారేవి, ఏళ్ళ తరవాత వాడుకునేవారు, ఒకే మనిషి పేరు మీద రెండుసార్లు భూమి తీసుకున్నవారూ ఉన్నారు. ఆ తేదీకి ముందే వచ్చాడన్నంత వరకే అది చెబుతుంది.

దస్తావేజులో హద్దులు మన చెక్కుబందీ లాగే పక్కవాళ్ళ పేర్లతో ఉంటాయి, కానీ దానితోపాటు దిక్కులూ కొలతలూ ఉంటాయి. ఫలానావాడి గట్టు మీది తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరం నుంచి 40 డిగ్రీలు తూర్పుకు 120 పోళ్ళు, అక్కడి నుంచి ఇంకో దిక్కుకు ఇన్ని పోళ్ళు, అలా తిరిగి అదే చెట్టు దాకా. పోల్ అంటే 16.5 అడుగులు, 320 పోళ్ళు ఒక మైలు, 160 చదరపు పోళ్ళు ఒక ఎకరం. దీన్ని పారదర్శక కాగితం మీద గీస్తాను. అమెరికా జియలాజికల్ సర్వే 1:24,000 మ్యాపులో అంగుళం 2,000 అడుగులు, అంటే సుమారు 121 పోళ్ళు. అదే కొలతలో గీస్తే ఆ కాగితాన్ని మ్యాపు మీద పరిచి వాగు మలుపులతో కలపవచ్చు. ఆకారం మూసుకోకపోతే గుమాస్తా ఒక గీత వదిలేసి ఉంటాడు, లేదా తూర్పును పడమర అని రాసి ఉంటాడు. దస్తావేజులో చెప్పిన ఎకరాలతో మన లెక్క సరిచూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు దొరుకుతుంది. దిక్సూచి ముల్లు కాలంతో మారడం వల్ల బొమ్మ మొత్తం కొంచెం తిరుగుతుంది, కానీ ఆకారం మూసుకోకపోవడానికి అది కారణం కాదు. ఇలా పక్కపక్క పొలాలు నాలుగైదు గీసేసరికి ఎవరి భూమి ఎవరికి చేరిందో కళ్ళకు కడుతుంది. కొన్న దస్తావేజు ఎక్కడా లేకుండా ఒకడు భూమి అమ్మాడంటే అది వారసత్వంగా వచ్చి ఉండాలి. 1785లో చట్టం మారేవరకు వర్జీనియాలో వీలునామా లేకపోతే భూమి మొత్తం పెద్ద కొడుక్కే. సర్వే కాగితం అడుగున చైన్‌మన్‌ల (కొలత గొలుసు పట్టినవాళ్ళ) పేర్లూ చూడండి, వాళ్ళు తరచుగా బంధువులో పక్క పొలం వాళ్ళో అయివుంటారు.

చేతిరాత గురించి రెండు మాటలు. అప్పటి పొడుగు ఎస్ అక్షరం ఎఫ్ లాగా ఉంటుంది. జె-ఎన్-ఓ అని పొట్టిగా ఉంటే అది జాన్, జొనాథన్ కాదు. అర్థంకాని అక్షరాన్ని అదే పేజీలో తెలిసిన మాటల్లో వెతికి పోల్చాలి. ఫ్యామిలీ సెర్చ్ సైటులో 2024 నుంచి కంప్యూటరు చేతిరాత చదివి మొత్తం పాఠంలో వెతికిపెట్టే సదుపాయం వచ్చింది, దస్తావేజులకు, వీలునామాలకు అది పెద్ద వరం. సాక్షులు, పక్కవాళ్ళు, చైన్‌మన్‌లు, ఇండెక్సులో ఎప్పుడూ లేని పేర్లన్నీ దొరుకుతున్నాయి. అది చదివిన పాఠాన్ని నేరుగా ఎత్తి రాయకుండా బొమ్మ తెరిచి మీరే చదవండి.

పాత అచ్చు వంశావళి పుస్తకమనో, రాతి మీద ఉందనో ఏదీ నమ్మకండి. గుస్తావ్ ఆంజూ అనేవాడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డబ్బున్నవాళ్ళకు దొంగ వంశావళులు తయారుచేసి అమ్మాడు, అవి ఈనాటికీ వంశవృక్షాల మీద వేలాడుతున్నాయి. మేఫ్లవర్‌లో వచ్చిన జాన్ హౌలండ్ భార్య ప్లిమత్ కాలనీ గవర్నర్ కార్వర్ కూతురని కుటుంబమంతా నమ్మింది. అతని పేర తరవాతి తరాలు వేసిన సమాధి రాయి మీదా అలాగే చెక్కారు. అదే కాలనీకి గవర్నరయిన బ్రాడ్‌ఫర్డ్ రాసిన చరిత్ర రాతప్రతి బయటపడి 1856లో అచ్చయ్యాక ఆమె ఎలిజబెత్ టిల్లీ అని తేలింది. డీఎన్ఏ పరీక్ష కూడా అంత వెనక్కి ఒంటరిగా ఏదీ తేల్చదు. పది తరాల వెనక 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి, వాళ్ళలో చాలామంది నుంచి మనకు చేరిన డీఎన్ఏ ఏమీ మిగలదు. తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళే వై-డీఎన్ఏ మాత్రం, ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు వేరని తేల్చడానికి బాగా పనికొస్తుంది.

ఇవన్నీ దాటి వలస వచ్చిన మనిషిని చేరాక, సముద్రం అవతల అతని ఊరు. ప్రభుత్వం క్రమంగా ప్రయాణికుల జాబితాలు సేకరించడం 1820లో మొదలైంది. అంతకు ముందువి అక్కడక్కడా మిగిలాయి, 1635 నాటి లండన్ రేవు జాబితాలు వాటిలో ముఖ్యమైనవి. ఇంగ్లండ్‌లో చర్చి రిజిస్టర్లు 1538 నుంచి ఉన్నాయి. సరైన పేరుతో, సరైన ఏట ఒక బాప్తిస్మం దొరకగానే పని అయిపోయిందనుకోవద్దు. ఆ పిల్లవాడు అక్కడే చనిపోలేదనీ, అక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోలేదనీ చూడాలి. వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు కూడా. 1649లో బోస్టన్‌లో పుట్టిన ఎలిహు యేల్ చిన్నతనంలోనే ఇంగ్లండ్ చేరి, అక్కడి నుంచి మద్రాసు వచ్చి గవర్నరయ్యాడు. 1680లో జరిగిన అతని పెళ్ళి కోట లోపలి సెయింట్ మేరీస్ చర్చి రిజిస్టరులో ఉంది. అతని తరవాత గవర్నరయిన నథానియల్ హిగిన్సన్ కూడా కనెక్టికట్‌లోని గిల్‌ఫర్డ్‌లో పుట్టినవాడే. కాలనీ కాగితాల్లో మాయమైన మనిషి చనిపోయి ఉండాలనే నియమం లేదు.

మూలం పట్టించేవి సాధారణంగా ఇంగ్లండ్‌లో ఉండిపోయినవాళ్ళ వీలునామాలు. ‘న్యూ ఇంగ్లండ్‌లో ఉన్న నా తమ్ముడికి ఐదు పౌండ్లు’ అన్న ఒక్క వాక్యం వంద బాప్తిస్మాల కన్నా బలం. 1858 వరకు కాంటర్‌బరీ ప్రెరోగేటివ్ కోర్టులో (చర్చి పెద్ద కోర్టు) ఆమోదించిన వీలునామాలు ఇంగ్లండ్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఇండెక్సు ఆన్‌లైన్‌లోనే వెతకవచ్చు. చిన్న ఆస్తులవి స్థానిక చర్చి కోర్టుల్లో ఉంటాయి, అవి కౌంటీ రికార్డు ఆఫీసులకు చేరాయి. వలస వెళ్ళినవాడి పేరుతో వెతికితే ఏమీ రాదు, ఇండెక్సులో ఉండేది వీలునామా రాసినవాడి పేరే. అతని భార్య పుట్టింటి పేరు, అతనితో కలిసి వచ్చిన పక్కింటివాళ్ళ పేర్లు, పెళ్ళికాని అత్తలు, పిల్లలు లేని బాబాయిలు, వీళ్ళవి ముందు తీయండి. పిల్లలు లేనివాళ్ళే అందరినీ పేరుపేరునా తలుచుకుని రాసిపోయారు.